బార్బార్: తేనె వేసిన స్ట్రాంగ్ ఏల్, కానీ తీపి కోసం కొనకండి

మా చిన్నప్పుడు ఇంటికి తేనె వచ్చేది బీరు సీసాలోనే. చింతపల్లి వైపు కొండల మీంచి దిగేవాళ్లు పాత బీరు సీసాల నిండా తేనె పట్టి, మూతికి గుడ్డ చుట్టి బిరడా బిగించి, నర్సీపట్నంలో గడప గడపకీ తెచ్చి అమ్మేవారు. మా నాన్న ఒక చుక్క నీళ్ల గ్లాసులో వేసి అది చెదరకుండా అడుక్కి దిగుతోందా అని చూసేవారు, దూది వత్తి ముంచి వెలిగించి చూసేవారు, చివరికి వేలి మీద వేసుకుని నాకి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, అప్పుడు బేరం మొదలుపెట్టేవారు. నీళ్ల పరీక్ష, వత్తి పరీక్ష కల్తీని గట్టిగా పట్టలేవని పెద్దయ్యాక తెలిసింది. ఆ మూడోది, నాలుక మీద వేసుకుని ఆగడం, అది మాత్రం నాకు ఇప్పటికీ పనికొస్తోంది. ఈ బీరు విషయంలో మరీ పనికొచ్చింది.

బ్రస్సెల్స్‌కి వచ్చి ఏడేళ్లయింది. ఇక్కడ మామూలు సూపర్ మార్కెట్లో కూడా బీరు అరలు ఒక గోడంతా ఉంటాయి, బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో 2016లో తన వారసత్వ జాబితాలో చేర్చిందంటే ఎందుకు చేర్చిందో ఆ గోడ ముందు నిలబడితే తెలుస్తుంది. ఆ అరల్లో ఈ మధ్య నేను మళ్లీ మళ్లీ తెచ్చుకుంటున్నది బార్బార్. తేనె వేసి చేసిన స్ట్రాంగ్ ఏల్ (ఏల్ అంటే కాస్త వెచ్చగా పులియబెట్టే రకం బీరు), ఆల్కహాల్ 8 శాతం, 33 సెంటీలీటర్ల చిన్న సీసా. రెండు నెలల్లో వేరు వేరు చోట్ల కొని ఆరు సీసాలు చూశాను, ఒకేసారి కాదు, వారానికొకటి లెక్కన, రెండు సార్లు కాగితం మీద రాసుకుంటూ, ఒకసారి ఏ గ్లాసులో ఏముందో తెలియకుండా ఇద్దరు మనవాళ్లతో కలిసి. తేనె బీరు అనగానే మనవాళ్లు ఒకటి ఊహించుకుని కొని, ఇంకొకటి దొరికి నిరాశపడటం చాలాసార్లు చూశాను కాబట్టి తీరిగ్గానే రాస్తున్నాను.

ముందు పేరు. బార్బార్ అంటే మన బర్బరుడే, లేబుల్ మీద యోధుడి బొమ్మ కూడా ఉంటుంది. సంస్కృతంలో బర్బర, గ్రీకులో బార్బరోస్, రెండూ ఒక్క తీరు మాటలే. దీనికన్నా నాకు నచ్చే మాట మధువు. మనకి మధువు అంటే తేనే, మద్యమూ. ఇంగ్లీషులో తేనె పులియబెట్టి చేసేదాన్ని మీడ్ అంటారు, ఆ మీడ్‌కీ మన మధువుకీ మూలం ఒకటే. తేనెలో నీళ్లు పడి నాలుగు రోజులు ఉంటే ఏమవుతుందో ఇక్కడి వాళ్లకీ మన వాళ్లకీ ఎప్పట్నించో తెలుసన్నమాట. బార్బార్ మాత్రం మీడ్ కాదు. ఇది బార్లీ మాల్ట్‌తో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో చేసిన బీరే, తేనె అందులో ఒక పాలు.

దీన్ని చేసేది లెఫెవ్ర్ అనే కుటుంబం నడిపే బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే చోటు, బ్రస్సెల్స్‌కి నైరుతి దిక్కున కెనాస్ట్ అనే ఊళ్లో, 1876 నుంచి. కెనాస్ట్ అంటే ఇక్కడి వాళ్లకి ముందు గుర్తొచ్చేది రాయి. పోర్ఫిరీ అనే గట్టి రాయి తీసే పెద్ద క్వారీ ఉంది అక్కడ, ఆ రాయిని చిన్న చిన్న దిమ్మెలుగా కొట్టి వీధుల్లో పరిచేవారు. రోజంతా దుమ్ములో రాళ్లు కొట్టే కూలీల దాహం పక్కన పుట్టిన బ్రూవరీ ఇది. మనవైపు ఎండలో పని చేసొచ్చిన వాళ్లకి తాటికల్లు ఎలాగో వాళ్లకి అప్పట్లో బీరు అలాగ. ఇప్పుడు ఇదే బ్రూవరీ బ్లాంష్ ద బ్రూసెల్ అనే గోధుమ బీరు, ఫ్లోరెఫ్ పేరుతో మఠం బీర్లు కూడా చేస్తోంది. బ్లాంష్ తేలిక, ఎండాకాలం సాయంత్రాలకి బావుంటుంది, దాని గురించి ఇక్కడ ఇంతే.

ఇక అసలు సంగతి. తేనె వేస్తే బీరు తియ్యగా ఉంటుందని అనుకుంటాం. అలా ఉండదు. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే, వాటిలో ఎక్కువ పాలు ఫ్రక్టోజ్, గ్లూకోజ్, ఈ రెండూ ఈస్ట్‌కి, అంటే బీరుని పులియబెట్టే సూక్ష్మజీవికి, చాలా ఇష్టమైన తిండి. పులిసేటప్పుడు ఈస్ట్ వాటిని దాదాపు పూర్తిగా తినేసి ఆల్కహాల్ చేసేస్తుంది. మాల్ట్ నుంచి వచ్చే చక్కెరల్లో కొన్ని పెద్దవి ఉంటాయి, వాటిని ఈస్ట్ తినలేదు, అవి మిగిలి బీరుకి చిక్కదనం ఇస్తాయి. తేనె అలా ఏమీ మిగల్చదు. అంటే బీరులో తేనె చేసే మొదటి పని, విచిత్రం అనిపించినా, బీరుని తియ్యగా చేయడం కాదు, బలం పెంచుతూనే తేలిక చేయడం. ఇక్కడి స్ట్రాంగ్ బీర్లు చాలావాటిలో చక్కెర వేసేది కూడా ఇందుకే, 8, 9 శాతం ఉన్నా గొంతులో పాకంలా అంటుకోకుండా ఉండటానికి.

మరి తేనే ఎందుకు, చక్కెర సరిపోదా అంటే, వాసన కోసం. చక్కెరకి వాసన లేదు, తేనెకి పువ్వు ఉంది, మైనం ఉంది, పట్టు ఉంది. చిక్కేమిటంటే ఆ వాసన ఎగిరిపోయే రకం. బీరు చేసేటప్పుడు మాల్ట్ కషాయాన్ని గంటో గంటన్నరో కళపెళా మరిగిస్తారు, తేనెని మొదట్లోనే పోసేస్తే ఆవిరితో పాటు వాసనంతా పోయి చక్కెర వేసినట్టే అవుతుంది. పాయసంలో యాలకుల పొడి దింపే ముందే ఎందుకు వేస్తామో తేనెనీ మరుగు ఆఖర్న, లేదా ఇంకా తర్వాత, పులిసే దశలో పోయడం అందుకే. పచ్చి తేనెని నేరుగా పోస్తే దాంతో వచ్చే అడవి ఈస్ట్‌లు తమ పని మొదలుపెడతాయి కాబట్టి అక్కడా జాగ్రత్త కావాలి. అందుకని తేనె బీరుని చూసేటప్పుడు నేను తీపి ఎంతుందని చూడను. వాసన ఎంత నిలిచింది, మింగాక నోరు ఎంత తేలిగ్గా ఉంది, ఈ రెండే చూస్తాను.

బార్బార్ గ్లాసులో పోయగానే ముదురు బంగారం రంగు, కాస్త మసక, పైన వేలెడు మందం తెల్లటి నురుగు. నురుగు త్వరగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, గ్లాసు అంచున సన్నగా అంటుకుని ఉంటుంది. కింద పొట్ట, పైన మూతి సన్నంగా ఉన్న గ్లాసు అయితే మేలు, లేకపోతే ఇంట్లో ఉన్న వైన్ గ్లాసు చాలు. స్టీలు గ్లాసులో మాత్రం వద్దు, రంగు కనపడదు, వాసన నిలవదు.

వాసన చూస్తే నాకు మొదట తగిలింది తేనె కాదు, తేనెపట్టు. పట్టు పిండేశాక చేతికి మిగిలే మైనం ముద్ద ఉంటుంది చూడండి, ఆ వాసన. దాని వెనకాల నారింజ తొక్క, దంచిన ధనియాల లాంటిది, బాగా పండిన చక్రకేళి, సన్నగా లవంగం. అరటిపండు వాసన విని ఇదేం కలిపారో అనుకోకండి, ఇక్కడి ఏల్ ఈస్ట్‌లు పులిసేటప్పుడు వాటంతటవే పుట్టించే వాసన అది. ఇవన్నీ విడివిడిగా రావు, ఒకదాని మీద ఒకటి వస్తాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకి ఒకలా, ఇరవై నిమిషాలకి ఒకలా.

మొదటి గుటకలో తీపి ఉంది, లేదనను. ఇంతసేపూ తేనె తీపి ఇవ్వదని చెప్పి ఇదేమిటంటే, ఇది మాల్ట్ మిగిల్చిన తీపి, బిస్కెట్ లాంటిది, కాల్చిన బ్రెడ్ అంచు లాంటిది. నాలుక మధ్యలోకి వచ్చేసరికి గ్యాస్ పొంగి దాన్ని తేల్చేస్తుంది, తర్వాత చిరుచేదు, ఆ తర్వాత ఛాతీలో వెచ్చదనం. అసలు బావుండేది దీని తర్వాత. మింగేసి, నోరు మూసుకుని, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి వదిలితే పది సెకన్లకి తేనె తిరిగొస్తుంది. అప్పుడు తీపి ఏమీ ఉండదు, వాసన ఒక్కటే ఉంటుంది. మా నాన్న వేలు నాకి ఆగేది ఇందుకేనని నాకు ఈ బీరు దగ్గరే అర్థమైంది. గబగబా తాగేస్తే ఆ పది సెకన్లు దొరకవు, అప్పుడిది కాస్త తియ్యటి స్ట్రాంగ్ బీరు, అంతే.

వేడి, చలి సంగతి గట్టిగా చెప్పాలి. మనకి బీరంటే చేతివేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉండాలి, అందులో తప్పేమీ లేదు, మే నెలలో విజయవాడలో ఇంకెలా తాగుతారు. కానీ ఇది అంత చల్లగా ఉంటే తేనె నోరు విప్పదు. మూడు నాలుగు డిగ్రీల దగ్గర చూశాను, ధనియాలు, గ్యాసు, ఇంకేం లేదు. 8 నుంచి 10 డిగ్రీల దగ్గర అన్నీ బయటికొస్తాయి. మరీ గది వేడికి వదిలేస్తే ఆల్కహాల్ ఘాటు పైకి వచ్చి తేనెని నొక్కేస్తుంది, సగం గ్లాసు తర్వాత తీపి కూడా పేరుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట పెట్టి మూత తీయండి, అది సరైన పదును.

ఇప్పుడు ఆ పేరు తెలియకుండా తాగిన సాయంత్రం గురించి. మా బావమరిది జర్మనీ నుంచి వచ్చి ఉన్నాడు, పక్క ఫ్లాట్‌లో కరీంనగర్ అబ్బాయి ఉంటాడు, ఇద్దరూ బీరంటే ఇష్టపడేవాళ్లే. మూడు గ్లాసులు పోశాను. ఒకటి బార్బార్. రెండోది ద్యుపాంట్ అనే ఇంకో బ్రూవరీ వాళ్ల బియేర్ ద మియెల్, అదీ తేనె బీరే, అదీ 8 శాతమే, సేంద్రియ పద్ధతిలో చేసేది. మూడోది ఏ తేనే లేని ఒక స్ట్రాంగ్ బ్లాండ్, అంటే లేత రంగు బీరు, పేరెందుకులెండి, తియ్యగా ఉండే రకం. తేనె ఎందులో ఉందో చెప్పండన్నాను. ఇద్దరూ ఏమాత్రం తడుముకోకుండా మూడోది చూపించారు. ద్యుపాంట్ గ్లాసు పట్టుకుని కరీంనగర్ అబ్బాయి, "అన్నా, గిండ్ల తేనె ఏడుందే? తీపే లేదు గదా" అన్నాడు. మా బావమరిది బార్బార్‌ని రెండోసారి వాసన చూసి, "బావా, ఇది తియ్యగా లేదు గానీ ఏదో ఉంది, గుళ్లో అభిషేకం అయ్యాక వచ్చే వాసనలా ఉంది" అన్నాడు. పంచామృతంలో తేనె ఉంటుంది మరి. అప్పుడు చెప్పాను, ముక్కు సరిగ్గానే పట్టింది, నాలుకే మోసపోయిందని. ఆ తర్వాత ఇద్దరూ మూడు గ్లాసులూ మళ్లీ మొదట్నించి చూశారు, ఈసారి మింగి ఆగి, ముక్కుతో వదిలి. మూడో గ్లాసులో తీపి పోగానే ఏమీ మిగల్లేదు. మిగతా రెండింట్లో మిగిలింది.

ద్యుపాంట్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే పోలిక లేకుండా బార్బార్‌ని తూచలేం. అది తూర్ప్ అనే పల్లెలో, హెనో ప్రాంతంలో, 1844 నుంచి ఉన్న పొలం బ్రూవరీ. 1920లో ఆల్ఫ్రెడ్ ద్యుపాంట్ అనే ఆయన దాన్ని కొన్నది తన కొడుకు లూయీ కెనడా వెళ్లిపోకుండా ఆపడానికట. (వలస వెళ్లే కొడుకుని ఊళ్లో ఉంచడానికి తండ్రి ఒక వ్యాపారం కొనిపెట్టడం మన దగ్గర ఎన్ని ఇళ్లలో జరగలేదు!) ఆ ఇంటి సైసన్ (ఇక్కడి పల్లెల్లో పుట్టిన తేలికపాటి ఏల్) ప్రపంచమంతా తెలిసినదే. వాళ్ల తేనె బీరు చాలా పొడి, అంటే తీపి దాదాపు మిగలనిది, చేదు ఎక్కువ, మిరియాల్లాంటి ఘాటు, తేనె మరీ వెనకాల, వెతికితే దొరికే చోట. ఈస్ట్ పనితనం అందులో గొప్పగా ఉంటుంది. నాకు గౌరవం ద్యుపాంట్ మీద ఎక్కువ, ఇష్టం బార్బార్ మీద ఎక్కువ. తేనె అని రాసినప్పుడు తేనె పలకాలి కదా, బార్బార్‌లో పలుకుతుంది, అరవకుండా. తీపి ఇంకొక్క పిసరు తగ్గించి ఉంటే నేను ఇంకేమీ అడిగేవాణ్ని కాదు. ధనియాల వాసన కూడా కొందరికి ఎక్కువనిపించొచ్చు, మనకి రోజూ వంటలో అలవాటే కాబట్టి నాకు అడ్డం రాలేదు.

ఆరు సీసాల్లో ఒకటి చెడిపోయినది తగిలింది. ఒక వీధి చివర చిన్న కొట్లో, అద్దాల కిటికీలో ఎండ పడేచోట అందంగా పేర్చి పెట్టిన వాటిలోంచి కొన్నాను. కొట్టు పేరు అక్కర్లేదు, ఏ కొట్లోనైనా జరిగేదే. మూత తీస్తే తేనె వాసన గుప్పుమంది, మిగతా వాటికన్నా ఎక్కువ, ఇదేదో బ్రహ్మాండమైన సీసా అనుకున్నాను. నోట్లో పోసుకుంటే తడిసిన అట్టపెట్టె. అప్పుడు తెలిసింది, ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి: బీరు పాతబడి గాలికి, వేడికి పాడైనా తేనె లాంటి వాసన పుడుతుంది, అసలు తేనె వేయని బీరులో కూడా. బీరు రుచి చూసి తీర్పు చెప్పేవాళ్లు మామూలు బీరులో దాన్ని లోపంగానే లెక్కేస్తారు. తాజా తేనె వాసన పువ్వు వైపు ఉంటుంది, పాతబడిన వాసన పాకం వైపు ఉంటుంది, వెనకాలే అట్ట రుచి వస్తుంది. తేనె బీరు కొనేటప్పుడు ఈ రెండింటికీ తేడా తెలియకపోతే చెడిపోయిన సీసానే మంచిదని మెచ్చుకుంటాం. కాబట్టి సీసా మీద తేదీ చూడండి, కిటికీలో ఉన్నది వదిలేసి లోపలి అరలోది తీసుకోండి, ఇంటికి తెచ్చాక నిలబెట్టి చీకట్లో ఉంచండి. పోసేటప్పుడు అడుగున కాస్త మడ్డి ఉంటే అది ఈస్ట్, హాని లేదు, అడుగు కదపకుండా చివరి గుటకెడు వదిలేస్తే రుచి శుభ్రంగా ఉంటుంది.

నంజుకోడానికి ఏం బావుంటుందో చూడటం నాకు అన్నిటికన్నా సరదా అయిన పని. మన అలవాటు ప్రకారం ముందు కోడి వేపుడు చేశాను, గుంటూరు కారం గట్టిగా వేసి. కుదరలేదు. గ్యాసు కారాన్ని రెచ్చగొడుతుంది, పైగా 8 శాతం ఆల్కహాల్ మంటని పెంచుతుంది, మూడు ముక్కల తర్వాత నాకు బీరు రుచే తెలియలేదు. కారం సగానికి తగ్గించి, మిరియాలు, కరివేపాకు, కాస్త కొబ్బరి వేసి చేస్తే చాలా బాగా కలిసింది, కొబ్బరి తీపి, తేనె వాసన ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. చేగోడీలు బావున్నాయి, వాటిలో నువ్వులు మాల్ట్‌తో సరిపోతాయి. నేతిలో వేయించి ఉప్పు, మిరియాలు చల్లిన జీడిపప్పు అయితే ఇంక మాట్లాడక్కర్లేదు. ఇక్కడి ముదిరిన చీజ్ ముక్కలు కూడా మంచి జత, ఉప్పదనం తీపిని కోసేస్తుంది. పండక్కి ఇంటి నుంచి వచ్చిన పూతరేకులతో చూశాను, వద్దు, బెల్లం తీపి ముందు బీరు చేదైపోతుంది, రెండూ పాడవుతాయి. పెసరట్టు అల్లం పచ్చడితో ఒక ఆదివారం మధ్యాహ్నం తిన్నాను, అనుకోకుండా బాగా కుదిరింది, అల్లం పక్కన ఆ నారింజ తొక్క వాసన తేటగా వినపడింది.

బలం గురించి లెక్క చెప్పకపోతే ఈ రివ్యూ రాసి ఉపయోగం లేదు. చిన్న సీసా చూసి, తేలిగ్గా దిగుతోంది కదా అని, మూడు తాగేసే వాళ్లున్నారు. 33 సెంటీలీటర్లలో 8 శాతం అంటే 26 మిల్లీలీటర్ల పైచిలుకు శుద్ధ ఆల్కహాల్. మన దగ్గర విస్కీ 42.8 శాతం ఉంటుంది, ఆ లెక్కన ఈ చిన్న సీసా ఒకటి 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గుకి సమానం, ఇంకాస్త ఎక్కువే. అదే 8 శాతం ఉన్న మన 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా అయితే రెండు లార్జ్‌లు. అది తాగుతుంటే బలం తెలుస్తుంది, గొంతులో గరగరమంటుంది. ఇందులో తెలియదు, తేనె చేసిన పనే అది, బలాన్ని దాచడం. మా బావమరిది రెండోది పూర్తయ్యేదాకా ఏమీ లేదన్నాడు, లేచి నిలబడ్డాక సోఫా పట్టుకున్నాడు. బెల్జియంలో రక్తంలో లీటరుకి 0.5 గ్రాములు దాటితే బండి నడపకూడదు, ఒక్క సీసాతోనే కొందరు ఆ గీత దగ్గరికి వెళ్లిపోతారు. నేను ఒకటి తెరిచి, అదీ భార్యాభర్తలం ఇద్దరం పంచుకుని, గంట సేపు కూర్చుంటాం. ఆపైన అక్కర్లేదనిపిస్తుంది కూడా, రెండో సీసాకి నోట్లో తీపి పేరుకుంటుంది.

ధర ఇక్కడ రెండు యూరోలకి కాస్త అటూ ఇటూ, కేఫ్‌లో అయితే రెట్టింపు పైనే. ఖాళీ సీసా తిరిగి ఇస్తే డిపాజిట్ వెనక్కొస్తుంది. ఈ నాణ్యతకి ఈ ధర నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది. అయిదుకి నాలుగు ఇస్తాను, ద్యుపాంట్‌కి కూడా నాలుగే, కారణాలు వేరు. మనకి మామూలుగా దొరికే లాగర్ రకం బీరుని చల్లగా గటగటా తాగి దాహం తీర్చుకోవాలనుకునే వాళ్లు దీని జోలికి రావొద్దు, డబ్బు దండగ. చేదు అంటే ముఖం చిట్లించే వాళ్లకి, బీరు ఎప్పుడూ నచ్చని వాళ్లకి, వైన్ ఇష్టపడే వాళ్లకి మాత్రం నేను ముందు ఇదే చేతిలో పెడతాను.

నా మనసులో ఒక కోరిక ఉంది. హైదరాబాద్‌లో ఇప్పుడు మైక్రోబ్రూవరీలున్నాయి, అక్కడ మంచి గోధుమ బీర్లు తాగాను. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, విశాఖ కేంద్రంగా, మన్యం తేనె కొని అమ్ముతోంది. అరకులో చలికాలం వలిసె పూలు పూసినప్పుడు కొండ వాలంతా పసుపు పూసినట్టు ఉంటుంది, ఆ పూల తేనె ఒకలా ఉంటుంది, చిక్కటి అడవి తేనె ఒకలా, పొదల్లో చిన్న పట్టు నుంచి వచ్చే జుంటి తేనె ఇంకొకలా. వీటిలో ఒక్కటి తీసుకుని, ఆఖర్న పోసి, వాసన నిలిచేలా 7, 8 శాతం ఏల్ ఎవరైనా చేస్తే నేను సెలవు పెట్టి వచ్చి తాగుతాను. మన తేనె ఇక్కడి దానికి ఏమాత్రం తీసిపోదు, వాసనలో అయితే ముందే ఉంటుందని నా నమ్మకం.

మొన్న వీడియో కాల్‌లో నాన్నకి సీసా చూపించాను. ఆయన తాగరు, కానీ తేనె అనగానే కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చారు. "ఏ పువ్వు తేనెరా?" అన్నారు. సీసా తిప్పి తిప్పి చూశాను, తేనె అని ఉంది, పువ్వు పేరు లేదు. నేను నాలుగు పేజీలు నోట్సు రాసుకుని కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆయన అడిగింది నిజమే, తేనె పేరు మీద అమ్మే బీరు ఆ తేనె ఎక్కడిదో, ఏ పూలదో రెండు ముక్కల్లో చెబితే బావుంటుంది, మంచి వైన్ సీసాల మీద చాలావాటికి ద్రాక్ష ఎక్కడిదో రాసి ఉంటుంది కదా. రుచి బట్టి చెప్పమన్నారు. వలిసె పూల తేనెలా తేలిగ్గా, పొడిగా ఉంది, అడవి తేనెలో ఉండే వగరు లేదు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత, "అయితే ఏవో తోట పూలు అయ్యుంటాయి" అన్నారు.

ఆరో సీసా తాగేటప్పుడు దాని జతదాన్ని తెరవకుండా, తేదీ రాసిన చీటీ అంటించి, బట్టల అలమర కింది అరలో చీకట్లో నిలబెట్టాను. జనవరిలో తాజా సీసా ఒకటి తెచ్చి రెండూ పక్కపక్కన పోసి చూడాలి, ఆ పూల వాసన ఎంత నిలుస్తుందో.